పూల వరుసల నుంచి ఇనుప నట్ల దాకా

వాడుక వస్తువులతో చేసే శిల్పం అనగానే మన కళా విమర్శ పారిస్ నుంచి లెక్క మొదలుపెడుతుంది. 1913లో మార్సెల్ డ్యూషాంప్ సైకిల్ చక్రాన్ని స్టూలుకు బిగించాడు. 1942లో పికాసో సైకిల్ సీటు, హ్యాండిలు కలిపి ఎద్దు తల చేశాడు. ఆ లెక్క తప్పు కాదు గానీ, సగమే. మిగతా సగం కోసం కోటగిరి, బాన్సువాడ, బోధన్ పల్లెల్లో పెత్తరమాస (భాద్రపద అమావాస్య) నుంచి తొమ్మిది రోజులు బతుకమ్మలు తయారయ్యే ఇళ్ల అరుగుల మీదికి చూడాలి.

బతుకమ్మను అక్కడ చేస్తారనరు, పేరుస్తారంటారు. తాంబాళంలో గుమ్మడాకులు పరిచి, అంచు చుట్టూ తంగేడు కట్టలు పెడతారు. గునుగు కాడలను ఒకే పొడవుకు కోసి, పూలను రంగునీళ్లలో ముంచి ఆరబెడతారు. పువ్వు బయటికి, కాడ లోపలికి. నడుమ ఖాళీని తరిగిన ఆకులతో కూరుతూ, వరుస వరుసకూ చుట్టు తగ్గిస్తూ పోతారు. కింది వరుస ఒక పక్కకు ఒరిగిందా, పైవన్నీ ఒరుగుతాయి. బరువంతా నడిమికి తెచ్చే ఈ నేర్పు అచ్చంగా శిల్పి నేర్పే. చేలగట్ల మీది పువ్వు ఇక్కడ మరో వస్తువుగా మారదు. తంగేడు తంగేడుగానే కనిపిస్తూ గోపురమవుతుంది.

ఎత్తు మీద మోజు పెరిగింది హైదరాబాద్ నగరంలో. ఖైరతాబాద్‌లో 1954లో సింగరి శంకరయ్య అడుగు ఎత్తు గణపతిని నిలిపారు. ఏటా దాదాపు అడుగు చొప్పున పెరుగుతూ 2014కు ఆ విగ్రహం 60 అడుగులైంది. ఏళ్ల తరబడి వాడిన ప్లాస్టర్ ఆఫ్ పారిస్ హుస్సేన్ సాగర్‌కు చేటు అన్న వాదన గట్టిపడ్డాక, 2022లో 50 అడుగుల మూర్తిని మట్టితోనే చేశారు. 2024లో అది 70 అడుగులు. శిల్పి రాజేంద్రన్ బృందం పనితనం గొప్పదే. అయినా ఇనుప చట్రం, గడ్డి, మట్టి అన్నీ రంగుల కిందికి పోతాయి. 2025 సెప్టెంబరులో సరూర్‌నగర్ స్టేడియంలో 63 అడుగుల బతుకమ్మ గిన్నిస్ రికార్డుకెక్కింది. నా వరకు, పూలు పూల బరువుతోనే నిలిచే మూడడుగుల బతుకమ్మలోనే శిల్పం ఎక్కువ. చట్రం మీద ఎంత ఎత్తయినా లేపవచ్చు.

సామగ్రిని దాచకుండా పెద్ద రూపం కట్టిన పని తెలుగునేలన తెనాలిలో దొరుకుతుంది. సూర్య శిల్పశాలలో కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కుమారుడు రవిచంద్ర 75,000 ఇనుప నట్లతో పదడుగుల గాంధీ విగ్రహం చేశారు. 2021లో 14 అడుగుల నరేంద్ర మోదీ విగ్రహానికి సైకిల్ చెయిన్లు, పళ్లచక్రాలు, బోల్టుల తుక్కు వాడారు. నట్టుకు నట్టు వెల్డింగ్ చేస్తుంటే చెంప గుండ్రన, కంటి గుంట వాటంతటవే రావు. ఎక్కడ దగ్గరగా కూర్చాలో, ఎక్కడ సందు వదలాలో చేతికి తెలియాలి. నట్టు మధ్య రంధ్రమే నీడనిస్తుంది. అందుకే నాకు ఆ గాంధీ విగ్రహమే మిన్న.

బయటి ప్రపంచం సాగిందీ ఈ దారినే. చండీగఢ్‌లో రోడ్ల ఇన్‌స్పెక్టర్ నేక్‌చంద్ పగిలిన గాజులు, పింగాణీ ముక్కలతో రహస్యంగా కట్టిన లోకం 1976లో రాక్ గార్డెన్‌గా జనానికి తెరుచుకుంది. ఘనా శిల్పి ఎల్ అనత్సుయి సీసా మూతలను తీగతో కుట్టి గోడంత తెరలు చేశాడు. 2008లో సుబోధ్ గుప్తా స్టీలు గిన్నెలు, చెంబులతో అణుబాంబు పేలుడు మేఘాన్ని నిలబెట్టాడు. వాళ్ల పేర్లు పుస్తకాలకెక్కాయి.

మన ఊళ్లలో బతుకమ్మ పేర్చిన చేతుల పేర్లు మాత్రం చెరువులో పూలతోపాటే పోతున్నాయి. ఈసారి చివరి రోజైన సద్దుల బతుకమ్మ నాడు ఫోటో తీసినప్పుడు పేర్చినవారి పేరు వారినే అడిగి, వారు సరేనంటే ఊరు, తేదీ, ఎత్తు, వాడిన పూల పేర్లతో కలిపి రాసిపెట్టండి.