స్థూలకాయ చికిత్సలో జీర్ణాశయ బెలూన్: చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతం:

చరక సంహిత విమానస్థానం రెండవ అధ్యాయం కుక్షిని మూడు భాగాలుగా భావించి, ఒకటి ఘనాహారానికి, ఒకటి ద్రవాహారానికి, మూడవది వాతపిత్తకఫాలకు కేటాయించింది. ఆ మూడవ భాగాన్ని విడిచిపెట్టి భుజించే బాధ్యత భోక్తదే. ఆధునిక వైద్యం ఈ నియంత్రణలో కొంత భాగాన్ని ఒక పరికరానికి అప్పగించింది. అదే జీర్ణాశయ బెలూన్. దీని చరిత్రను, హైదరాబాద్ ఐటీ ఉద్యోగుల ఆరోగ్యస్థితితో దానికి గల సంబంధాన్ని పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

2. బెలూన్ పరిణామం:

జీర్ణాశయంలో కొంత చోటును ఆక్రమించి, తక్కువ ఆహారంతోనే కడుపు నిండిన భావన కలిగించడం ఈ చికిత్సలోని సూత్రం. 1985లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ గారెన్-ఎడ్వర్డ్స్ బెలూన్‌కు అనుమతినిచ్చింది. అది గాలి నింపిన స్తూపాకారపు పాలీయురిథేన్ సంచి. దానివల్ల జీర్ణాశయంలో పుండ్లు ఏర్పడటం, గాలి పోయిన సంచి పేగులోకి జారి అడ్డుపడటం వంటి ప్రమాదాలు బయటపడ్డాయి. బెలూన్ అమర్చని వారితో పోల్చి చూసిన ప్రయోగాలలోనూ దాని ఆధిక్యం రుజువు కాలేదు. కొద్ది సంవత్సరాలకే అది వాడుక నుండి తొలగిపోయింది.

1987లో ఫ్లోరిడాలోని టార్పన్ స్ప్రింగ్స్‌లో సమావేశమైన నిపుణులు బెలూన్ నునుపుగా ఉండాలని, దానిని ద్రవంతో నింపాలని, ఎక్స్‌రేలో కనిపించే గుర్తు ఉండాలని సూచించారు. ఈ సూచనలకు అనుగుణంగా సిలికాన్ బెలూన్ రూపొందింది. ఎండోస్కోపీ ద్వారా అమర్చి, 400 నుండి 700 మిల్లీలీటర్ల సెలైన్‌తో నింపి, ఆరు నెలలకు తొలగిస్తారు. ఆర్బెరా పేరుతో 2015లో దీనికి అమెరికాలో అనుమతి లభించింది. అయితే ద్రవం నింపిన బెలూన్లు అమర్చుకున్న వారిలో సంభవించిన కొన్ని మరణాల గురించి అదే సంస్థ 2017లో వైద్యులను హెచ్చరించింది.

3. సైబరాబాద్ నేపథ్యం:

1998లో సైబర్ టవర్స్ ప్రారంభంతో హైటెక్ సిటీలో కొత్త ఉద్యోగజీవనం మొదలైంది. గంటల తరబడి కూర్చోవడం, రాత్రి షిఫ్టులు, వేళ తప్పిన భోజనం అందులో భాగాలయ్యాయి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, ఏఐజీ ఆసుపత్రి పరిశోధకులు 2025లో ప్రచురించిన అధ్యయనంలో, పరిశీలించిన 345 మంది ఐటీ ఉద్యోగులలో 84 శాతం మందికి కొవ్వు కాలేయం, 71 శాతం మందికి స్థూలకాయం ఉన్నట్లు తేలింది. కోత అవసరం లేని బెలూన్ చికిత్స, ఎక్కువ రోజులు సెలవు పెట్టలేని ఉద్యోగులను ఆకర్షించడం సహజం.

4. ముగింపు:

బెలూన్ నిర్మాణ లోపాలను శాస్త్రం చాలావరకు సరిదిద్దింది. కానీ దానిని తొలగించిన తరువాత బరువు తిరిగి పెరగడమనే సమస్య మిగిలే ఉంది. బెలూన్ భోజన పరిమాణాన్ని తగ్గించగలదు. పనివేళలను, నిద్రను మార్చలేదు. కాబట్టి ఆ ఆరు నెలలను జీవనశైలి మార్పుకు లభించిన గడువుగా భావించాలి. ఆ మార్పుకు వీలు కల్పించడంలో ఉద్యోగితో పాటు యాజమాన్యానికీ బాధ్యత ఉంది.