వట్టం నుండి వాలెట్ వరకు: తెలుగువారి నగదు మారక చరిత్ర – ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం:

దుబాయి నుండి జగిత్యాలకు డబ్బు పంపదలచిన కార్మికుడికి నేడు చేతిలోని ఫోనే చాలు. దిర్హాములు రూపాయలుగా మారి తెరపై కనిపిస్తాయి. ఒక నాణేన్ని మరొక నాణెంగా మార్చినప్పుడు తరుగుగా పోయే సొమ్మును తెలుగులో 'వట్టం' అన్నారు. ఈ వట్టం ఏ కాలంలో ఎవరి చేతిలో ఉన్నదో, చెల్లించేవారికి అది ఎంతవరకు తెలిసేదో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. షరాబు – హుండీ:

కంపెనీ పాలన తొలినాళ్లలో కోస్తా ప్రాంతంలో వరాహాలు, రూపాయలు, ఫణాలు, కాసులు కలిసి చెలామణీ అయ్యేవి. 1818లో మద్రాసు ప్రెసిడెన్సీలో రూపాయి ప్రమాణ నాణెమైనప్పుడు ఒక వరాహాకు మూడున్నర రూపాయలుగా విలువ కట్టారు. నాణేన్ని తూచి, గీటుపెట్టి చూసి, వట్టం నిర్ణయించేవాడు షరాబు. అతనితో బేరమాడే వీలు ఉండేది.

దూరప్రాంతాలకు సొమ్ము పంపేందుకు వర్తకులు హుండీలు వాడేవారు. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం దేశభాషల్లో రాసిన పత్రాలకు సంబంధించిన స్థానిక ఆచారాల జోలికి పోలేదు. అంటే హుండీకి ఆధారం వర్తకుల మధ్య నమ్మకం, ఆచారమే.

3. హాలీ – కల్దార్:

తెలుగునేలపైనే రెండు ద్రవ్యాల మధ్య సరిహద్దు ఉండేది. నిజాం రాజ్యంలో హాలీ సిక్కా, బ్రిటిష్ ఇండియాలో కల్దార్ రూపాయి చెలామణీలో ఉండేవి. 'హాలీ' అంటే ప్రస్తుతం చెల్లుబాటయ్యేది, 'కల్దార్' అంటే యంత్రంపై ముద్రించినది. సుమారు 7 హాలీ రూపాయలు 6 కల్దార్ రూపాయలకు సమానం. నందిగామ బ్రిటిష్ పాలనలోనూ, దానికి దగ్గరలోని మధిర నిజాం పాలనలోనూ ఉండేవి. ఒకే భాష మాట్లాడే ఈ రెండు ఊళ్ల మధ్య లావాదేవీకి కూడా మారకం లెక్క అవసరమయ్యేది. హైదరాబాదు విలీనానంతరం 1950లలో హాలీ క్రమంగా కనుమరుగైంది.

4. గల్ఫ్ వలస:

భారత రూపాయి ఒకప్పుడు గల్ఫ్ ప్రాంతంలోనూ చెలామణీ అయింది. 1959లో రిజర్వు బ్యాంకు అక్కడి వాడకం కోసం ప్రత్యేక నోట్లు విడుదల చేసింది. 1961లో కువైట్ సొంత దీనారును ప్రవేశపెట్టింది. 1966 నాటి రూపాయి విలువ తగ్గింపు తరువాత మిగిలిన పాలకులూ రూపాయిని వదులుకున్నారు. 1970ల చమురు సంపద కాలంలో కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుండి వలస పెరిగేనాటికి అక్కడ రూపాయి పరాయి ద్రవ్యమైపోయింది. అధీకృత సంస్థల ద్వారా తప్ప విదేశీ చెల్లింపులు జరపరాదని 1999 నాటి విదేశీ మారక నిర్వహణ చట్టం నియమించింది. ఒకనాడు గౌరవప్రదమైన వర్తక పత్రానికి పేరైన 'హుండీ', గల్ఫ్ వలస సందర్భంలో చట్టవిరుద్ధమైన బట్వాడాకు పర్యాయపదమైంది.

5. వాలెట్ యుగం:

2016లో మొదలైన యూపీఐని 2023 ఫిబ్రవరి 21న సింగపూర్‌లోని పేనౌతో అనుసంధానించారు. ప్రారంభంలో రోజుకు రూ. 60,000 వరకు పంపే వీలు కల్పించారు. చెల్లింపు సమయంలోనే రెండు ద్రవ్యాల్లోనూ మొత్తం కనిపించే ఏర్పాటు ఇందులో ఉండటం మెచ్చదగినది.

అయితే రెండు మొత్తాలు కనిపించినంత మాత్రాన వట్టం తెలిసినట్లు కాదు. ఉదాహరణకు, బజారులో దిర్హాము విలువ రూ. 22.50 ఉన్న రోజున ఒక వాలెట్ రూ. 22.20 చొప్పున లెక్కగట్టిందనుకుందాం. 'రుసుము లేదు' అని రాసి ఉన్నా, 1,000 దిర్హాములకు 300 రూపాయలు తరుగు పోయినట్లే. విదేశాల నుండి డబ్బు పంపే ఖర్చును 2030 నాటికి 3 శాతం లోపునకు తేవాలన్నది ఐక్యరాజ్యసమితి లక్ష్యం. రుసుముతోపాటు ఈ తరుగునూ కలిపితేనే అసలు ఖర్చు తేలుతుంది.

6. ముగింపు:

షరాబు అందరికీ న్యాయం చేశాడని చెప్పలేం. కానీ అతడు తీసుకునేదానికి ఒక పేరుండేది, పేరున్నదాన్ని ప్రశ్నించవచ్చు. నేటి వాలెట్లలో ఆ తరుగు ధరలోనే కలిసిపోయి, పేరు లేకుండా సాగిపోతోంది. యాప్‌ల తెలుగు రూపాలను సిద్ధం చేసేవారు రుసుము పక్కన 'వట్టం' అనే మరో వరుసను చేర్చడం సముచితం. నిఘంటువుల్లో మిగిలిపోయిన ఈ మాట మళ్లీ వాడుకలోకి వస్తే, జగిత్యాలలోని కుటుంబం తనకు చేరని సొమ్ము ఎంతో తెలుసుకోగలుగుతుంది.