కాపీ కాకుండా మిగిలిన ఫోల్డర్

కీబోర్డు మీద నిమ్మరసం ఒలికింది.

2010వ సంవత్సరం. బ్రిటన్‌లోని వేల్స్‌లో న్యూపోర్ట్ అనే రేవు పట్టణం. ఆ ల్యాప్‌టాప్ జేమ్స్ హోవెల్స్‌ది. పాతికేళ్లవాడు, కంప్యూటర్ల పనే బతుకుతెరువు. గేమ్‌లు ఆడుకోవడానికి కొనుక్కున్న డెల్ యంత్రం అది. ఇక లాభం లేదని విప్పేశాడు. పనికొచ్చే భాగాలు అమ్మేశాడు. హార్డ్ డిస్క్ మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. అరచేతిలో పట్టే రెండున్నర అంగుళాల డిస్కు. ఇంటి ఫోటోలు, పాటలు అన్నీ అందులోనే ఉన్నాయి.

కొత్తగా యాపిల్ కంప్యూటర్ వచ్చింది. పాత డిస్కులోని ఫోటోలు ఎక్కించాడు, పాటలు ఎక్కించాడు. ఒక్క ఫోల్డర్ మాత్రం మిగిలిపోయింది. అందులో ఉన్నది బిట్‌కాయిన్ సాఫ్ట్‌వేర్ తాలూకు సరంజామా. 2009 జనవరిలో మొదటిసారి విడుదలైనప్పుడు ఆ సాఫ్ట్‌వేర్ విండోస్ మీదే నడిచేది. ఏడాది చివర్లో లినక్స్‌కి వచ్చింది. యాపిల్ యంత్రాలకు వచ్చింది 2010 జులైలో. అది రాకముందే ఇక్కడ కాపీ పని ముగిసింది. కొత్త యంత్రం మీద నడవనిదాన్ని ఎక్కించి ఏం చేసుకుంటాం? ఫోల్డర్ డిస్కులోనే ఉండిపోయింది. డిస్కు సొరుగులోకి వెళ్లింది.

ఈ ఉదంతాన్ని పత్రికలన్నీ తర్వాత ఆ డిస్కు చేరిన చెత్త సంచి దగ్గర మొదలుపెడతాయి. నన్నడిగితే అది మూడేళ్లు ఆలస్యంగా మొదలుపెట్టడం. అసలు నష్టం జరిగింది ఈ సొరుగు దగ్గరే. తర్వాత జరిగిందంతా దాని మీద పెరిగిన వడ్డీ.

ఇంతకీ ఆ ఫోల్డర్‌లో ఏముంది? దానికి ఇంకో ఏడాది వెనక్కి వెళ్లాలి.

2009 ఫిబ్రవరి. సతోషి నకమోటో అనే మారుపేరుతో విడుదలైన బిట్‌కాయిన్ పుట్టి నెల దాటింది. ఆ ప్రోగ్రామును నడిపేవాళ్లు ప్రపంచం మొత్తం మీద బహు కొద్దిమంది. సుమారు పది నిమిషాలకొకసారి ఒక లెక్క తేలుతుంది, తేల్చినవాడికి 50 నాణేలు. ఇప్పుడైతే ఈ పనికి గోదాముల నిండా ప్రత్యేక యంత్రాలు కావాలి. అప్పుడు ఒక ల్యాప్‌టాప్ చాలు. హోవెల్స్ తన ల్యాప్‌టాప్‌ను ఆ పనికి పెట్టాడు. ప్రాసెసరు ఆగకుండా పనిచేస్తుంటే యంత్రం వేడెక్కుతుంది, ఫ్యాను రొద పెడుతుంది. ఆ గోల భరించలేక అతనితో కలిసి ఉంటున్న ఆమె విసుక్కుంది. కొన్నాళ్లకు ఆపేశాడు. అప్పటికి జమ అయినవి దాదాపు 8,000 నాణేలు. అంటే ఆ ల్యాప్‌టాప్ 160 సార్లు గెలిచిందన్నమాట.

వాటి విలువ అప్పుడెంత? ఏమీ లేదనే చెప్పాలి. 2010 మే నెలలో అమెరికాలోని ఫ్లోరిడాలో ఒకాయన 10,000 బిట్‌కాయిన్లు ఇచ్చి రెండు పిజ్జాలు తెప్పించుకున్నాడు. ఆ ధరన చూస్తే హోవెల్స్ ఆస్తికి రెండు పిజ్జాలు కూడా రావు. అలాంటిది సొరుగులోకి వెళ్లడంలో వింతేమీ లేదు.

ఇక్కడో సంగతి చెప్పుకోవాలి, లేకపోతే మిగతా కథ అర్థం కాదు. ఆ నాణేలు డిస్కులో లేవు. ఎవరి పద్దులో ఎన్ని నాణేలున్నాయో రాసిన చిట్టా వేలాది కంప్యూటర్లలో ఒకేలా ఉంటుంది, ఎవరైనా చూడొచ్చు. డిస్కులో ఉన్నది ఆ పద్దును కదిలించే రహస్య సంఖ్య. అది పోతే ఇంకోటి ఇచ్చే మేనేజరు లేడు, ఆధార్ చూపించి తెరిపించుకునే కౌంటరు లేదు, పాస్‌వర్డ్ మరిచిపోయారా అని అడిగే బటను లేదు. ఆ సంఖ్యలన్నీ వాలెట్ అనే ఒక చిన్న ఫైలులో ఉంటాయి. హోవెల్స్ కాపీ చేసుకున్న ఫోటోల, పాటల బరువు ముందు అది లెక్కలోకే రాదు. దాన్ని తెరిచే ప్రోగ్రాము యాపిల్ మీద లేకపోవచ్చు. ఫైలు మాత్రం ఏ యంత్రంలోనైనా పడి ఉంటుంది. తెరవడం వేరు, దాచడం వేరు. కంప్యూటర్ల పని తెలిసిన మనిషికే ఆ రోజు ఈ తేడా తట్టలేదు.

2013 వేసవి. సొరుగులో ఇప్పుడు రెండు డిస్కులున్నాయి. రెండూ ఒకే సైజు. ఒకటి ఖాళీది. హోవెల్స్ గది సర్దుతూ ఒకదాన్ని నల్లటి చెత్త సంచిలో వేశాడు. వేసింది ఖాళీదే అనుకున్నాడు. ఆ రాత్రి, ఈ సంచులు డంపుకి తీసుకెళ్తావా అని తనతో కలిసి ఉంటున్న ఆమెను అడిగాడు. ఆమె కాదంది. సరే అని పడుకున్నాడు. తెల్లారాక ఆమె మనసు మార్చుకుంది. పోనీలే సాయంగా ఉంటుందని సంచులు తీసుకెళ్లి మునిసిపాలిటీ డంపులో పడేసి వచ్చింది.

ఈ కథ చెప్పేవాళ్లు చాలామంది ఇక్కడ ఆమె వైపు వేలు చూపిస్తారు. అన్యాయం. డిస్కును సంచిలో వేసింది ఆమె కాదు. అందులో ఏముందో ఆమెకు తెలిసే దారీ లేదు.

అక్టోబరులో నార్వే నుంచి ఒక వార్త వచ్చింది. క్రిస్టొఫర్ కాక్ అనే యువకుడు 2009లో సరదాకి 27 డాలర్లు పెట్టి 5,000 బిట్‌కాయిన్లు కొన్నాడు, మరిచిపోయాడు. నాలుగేళ్ల తర్వాత పాస్‌వర్డ్ గుర్తు తెచ్చుకుని, వాటిలో కొన్ని అమ్మి, ఓస్లోలో ఫ్లాటు కొనుక్కున్నాడు. ఆ వార్త హోవెల్స్ చెవిన పడింది. సొరుగులో మిగిలింది ఖాళీ డిస్కు.

డాక్స్‌వే డంపు యార్డుకు వెళ్లాడు. అక్కడి మేనేజరు ఫుట్‌బాల్ మైదానమంత చోటు చూపించాడు. మూడు నాలుగు నెలల కిందటి చెత్త అయితే మూడు నాలుగు అడుగుల లోతులో ఉంటుందన్నాడు. 2013 నవంబరు 27న గార్డియన్ పత్రిక ఈ వార్త వేసినప్పుడు డిస్కు విలువ 40 లక్షల పౌండ్లు. అప్పుడు అడుగుల్లో చెప్పిన లోతు తర్వాత ఏటేటా పెరుగుతూ పోయింది, పైన కొత్త చెత్త పడుతూనే ఉంది కదా. బిట్‌కాయిన్ ధర కూడా పెరుగుతూ పోయింది. 2024 డిసెంబరులో ఒక్కో నాణెం లక్ష డాలర్లు దాటింది. 8,000 నాణేలకు అప్పట్లో మన లెక్కలో దాదాపు 6,800 కోట్ల రూపాయలు.

తవ్వుకుంటానని అతను అడుగుతూనే వచ్చాడు. పర్యావరణ అనుమతులు ఒప్పుకోవు, తవ్వితే చుట్టుపక్కలకు ముప్పు, ఖర్చు లక్షల పౌండ్లు, దొరుకుతుందన్న నమ్మకం లేదు అని న్యూపోర్ట్ మునిసిపాలిటీ అంటూనే వచ్చింది. 2021లో, దొరికినదాంట్లో నాలుగో వంతు ఊరికి ఇస్తానన్నాడు. ఫలితం లేదు. 2022లో పెట్టుబడిదారులను కూడగట్టి కోటి పౌండ్ల పథకం తెచ్చాడు. తవ్విన చెత్తను బెల్టు మీద పోనిస్తుంటే కృత్రిమ మేధ డిస్కును గుర్తుపడుతుంది, రాత్రిళ్లు రోబో కుక్కలు కాపలా కాస్తాయి. ఒక్క ఫైలు కాపీ చేయకపోతే దాని వెనక రోబో కుక్కలు తిరగాల్సి వస్తుందని 2010లో ఎవరైనా చెబితే నవ్వి ఉండేవాళ్లం.

ఇన్నేళ్లు చెత్తలో నానిన డిస్కు చదవడానికి వస్తుందా? ఈ ప్రశ్న చాలామంది అడిగారు. అతను మొండిగా నమ్మడానికి ఒక కారణం ఉంది. 2003 ఫిబ్రవరి 1న కొలంబియా వ్యోమనౌక ఆకాశంలో ముక్కలైంది. మన కల్పనా చావ్లా సహా ఏడుగురూ పోయారు. ఆ శకలాల్లో కాలి, కరిగి, గడ్డకట్టిన హార్డ్ డిస్క్ ఒకటి ఎండిన చెరువు అడుగున దొరికింది. జినాన్ వాయువు మీద నౌకలో చేసిన ప్రయోగం వివరాలు దానిలో ఉన్నాయి. ఆన్‌ట్రాక్ సంస్థ ఇంజినీర్లు డిస్కులోని పళ్లేలను ఊడదీసి, శుభ్రం చేసి, వేరే యంత్రంలో బిగించి 99 శాతం సమాచారం బయటికి తీశారు. 2008లో ఆ ప్రయోగ ఫలితాలు అచ్చయ్యాయి. ఆ సంస్థనే హోవెల్స్ తన జట్టులో చేర్చుకున్నాడు. పళ్లెం పగలకుండా ఉంటే ఆశ ఉందని వాళ్లన్నారు. అంతరిక్షం నుంచి పడిన డిస్కు చదవడానికి వచ్చింది కానీ, సొంత ఊళ్లోనే ఉన్న డిస్కు చేతికే రాలేదు.

చివరికి కోర్టు. మునిసిపాలిటీ మీద 49 కోట్ల 50 లక్షల పౌండ్లకు దావా వేశాడు. 2024 డిసెంబరులో కార్డిఫ్‌లో వాదనలు జరిగాయి. మునిసిపాలిటీ 1974 నాటి కాలుష్య నియంత్రణ చట్టం చూపించింది. దాని ప్రకారం చెత్త వేసే చోటికి తెచ్చి అప్పగించిన వస్తువు ఏదైనా మునిసిపాలిటీ సొంతం అవుతుంది. 2025 జనవరి 9న జడ్జి కీజర్, ఈ దావా గెలిచే అవకాశం ఏ కోశానా లేదంటూ విచారణకు ముందే కొట్టేశారు. మార్చిలో అప్పీలుకు కూడా అనుమతి దొరకలేదు. డంపును మూసి, కొంత స్థలంలో సౌర విద్యుత్ ఫలకాలు పెట్టాలన్నది అప్పటికి మునిసిపాలిటీ ఆలోచన.

ఎక్కడో వేల్స్‌లో జరిగిన ఈ గాథ మనకెందుకంటారా? విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 పడని పాత యంత్రాలు పక్కకు తప్పుకుంటున్నాయి. ఇళ్లలో, ఆడిటర్ల ఆఫీసుల్లో, డీటీపీ సెంటర్లలో కొత్త యంత్రాలు దిగుతున్నాయి. ఒకప్పుడు విండోస్ ఎక్స్‌పీలో ఫైళ్లను, సెట్టింగులను తరలించడానికే ఒక విజార్డు ఉండేది. తర్వాత ఈజీ ట్రాన్స్‌ఫర్ అన్నారు. విండోస్ 10 వచ్చాక అదీ పోయింది. దాంతో చాలామంది డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, ఫోటోలు ఎక్స్‌టర్నల్ డిస్కులోకి లాగి అయిపోయిందనుకుంటారు. బ్రౌజరు బుక్‌మార్కులు, స్టికీ నోట్స్‌లో రాసుకున్న జాబితాలు యాప్‌డేటా అనే దాచి ఉంచిన ఫోల్డర్‌లో ఉంటాయి. బిట్‌కాయిన్ వాలెట్ కూడా విండోస్‌లో అక్కడే ఉంటుంది. ట్యాలీ లెక్కలు డాక్యుమెంట్స్‌లో ఉండవు, వాటి ఫోల్డర్ వేరు.

అందరికంటే ఎక్కువగా మన డీటీపీ వాళ్లను తలుచుకుంటే గుబులుగా ఉంటుంది. పేజీలు పేర్చే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ వచ్చింది 2001లో. అందులో ‘అను’ తెలుగు ఫాంట్లతో కంపోజ్ చేసిన శతకాలు, కథాసంపుటాలు, ఊరి చరిత్రలు, పెళ్లి శుభలేఖలు పాత డిస్కుల్లో మూలుగుతున్నాయి. కొత్త యంత్రంలో పేజ్‌మేకర్ లేదు కదా, ఎలాగూ తెరుచుకోవు కదా అని వాటిని వదిలేస్తున్నారు. హోవెల్స్ వదిలేసిన కారణం సరిగ్గా ఇదే. ఇన్‌డిజైన్ సీఎస్6 దాకా పాత వెర్షన్లు పేజ్‌మేకర్ ఫైళ్లను తెరుస్తాయి. అను అక్షరాలను యూనికోడ్‌లోకి మార్చే సాధనాలూ ఉన్నాయి. ఫైలు ఉంటే దారి దొరుకుతుంది. ఫైళ్లతో పాటు ఆ ఫాంట్లను కూడా కాపీ చేసుకోవాలి, అవి లేకపోతే తెర మీద కనిపించేవి పిచ్చిగీతలే.

కొత్త కంప్యూటర్ కొంటున్నవారికి ఒక్క మాట. పాత యంత్రంలో దాచిన ఫోల్డర్లు కూడా కనిపించేలా వ్యూ మెనూలో హిడెన్ ఐటమ్స్‌కి టిక్ పెట్టండి. ఏది పనికొస్తుంది, ఏది తెరుచుకుంటుంది అని ఏరకుండా మీ పేరుతో ఉన్న ఫోల్డర్ మొత్తం ఒకచోటికి ఎక్కించండి, ట్యాలీ వంటివి వేరే చోట ఉంటే వాటినీ వెతికి కలపండి. నాలుగైదు ఫైళ్లు కొత్త యంత్రంలో తెరిచి చూసుకోండి. ఆ తర్వాత పాత డిస్కు మీద ఏముందో, ఏ తేదీన తీశారో మార్కర్ పెన్నుతో రాసి కనీసం ఒక ఏడాది దాచండి. అంతవరకూ దాన్ని ఎవరికీ ఇవ్వకండి.