అన్‌బేరబ్లీ

ఇంగ్లీషు క్రియావిశేషణం. భరించలేనంతగా, తట్టుకోలేనంతగా అని అర్థం. ఎక్కువగా విశేషణానికి ముందు నిలిచి దాని తీవ్రతను ఓర్పు హద్దు దాటిస్తుంది: ‘అన్‌బేరబ్లీ హాట్’ అంటే తాళలేనంత వేడి. నొప్పి, ఉక్కపోత, దుఃఖం, నిరీక్షణ దీని మామూలు తావులు. ఈమధ్య ముద్దొచ్చే పిల్లల ఫొటోల కిందా ‘అన్‌బేరబ్లీ క్యూట్’ అని రాస్తున్నారు. అక్కడ బాధ లేదు, మురిపెం ముదిరిందంతే.

దీని మూలం ‘బేర్’ అనే క్రియ. పాత ఇంగ్లీషులో ‘బెరన్’. మోయడం, కనడం, ఓర్చుకోవడం అన్నీ అందులోనే. సంస్కృత ‘భృ’ ధాతువు, లాటిన్ ‘ఫెర్రే’ దీనికి జ్ఞాతులు. తెలుగులోకి భారం, భరించు, దుర్భరం వచ్చింది ఆ సంస్కృత ధాతువు నుంచే. కాబట్టి ‘భరించలేనంత’ దీనికి అనువాదమే కాదు, దూరపు చుట్టం కూడా.

దగ్గరి పదాలు రెండున్నాయి. ‘ఇంటాలరబ్లీ’ కాస్త గ్రాంథికం. సహించరాని పరిస్థితుల గురించి రాసేటప్పుడు ఎక్కువగా కనిపిస్తుంది. ‘ఇన్‌సఫరబ్లీ’ మాత్రం మనుషుల మీద విసుగు: పొగరుబోతును, అన్నీ తనకే తెలుసనుకునేవాణ్ణి అనడానికి సరిపోతుంది. ఎండకు దీన్ని వాడటం తక్కువ.

తెలుగు చేసేటప్పుడు ‘ఓర్వలేనంత’తో జాగ్రత్త. ‘ఓర్వలేనితనం’ వాడుకలో అసూయ. జీవితం గురించైతే ‘దుర్భరంగా’, నొప్పికైతే ‘తట్టుకోలేనంత’ నప్పుతాయి. మాటల్లోనైతే ‘చచ్చేంత ఉక్కపోత’ అనేస్తాం.