ఎట్టయపురం చెప్పే హక్కుల కథ

మేధోసంపత్తి హక్కులు కొత్త ఆలోచనకు ఎరువవుతాయా, అడ్డుకట్టవుతాయా అన్న చర్చ కంప్యూటర్లతో పుట్టిందని చాలామంది అనుకుంటారు. మన కోవిల్‌పట్టి ప్రాంతంలో దానికి నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. అందులో తెలుగుకూ చోటుంది.

కోవిల్‌పట్టికి చేరువలోని ఎట్టయపురంలో, విద్యావిలాసినీ ముద్రాక్షరశాల నుంచి 1904లో 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' వెలువడింది. గ్రంథకర్త సుబ్బరామ దీక్షితులు (1839-1906). ఆయన ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలస్వామి దీక్షితులకు మనుమడు, దత్తపుత్రుడు కూడా. ముత్తుస్వామి దీక్షితులు 1835లో కన్నుమూసినదీ ఎట్టయపురంలోనే. తెలుగు మాతృభాషగా గల అక్కడి జమీందారులు ఆ కుటుంబాన్ని పోషించారు. తమిళ సీమలో అచ్చయిన ఆ మహాగ్రంథం తెలుగు లిపిలో ఉంది.

అంతవరకు సంగీతం గురువు నోటి నుంచి శిష్యుడి చెవికి చేరే విద్య. చెప్పడమైనా, దాచడమైనా గురువు చిత్తం. ఆ విద్యను అచ్చులో పెట్టమని సుబ్బరామ దీక్షితులను చిన్నస్వామి మొదలియారు పట్టుబట్టి ఒప్పించారు. ఖర్చు జమీను భరించింది. ముత్తుస్వామి దీక్షితుల 229 కృతులు, స్వరాలతోనూ గమకాల గుర్తులతోనూ లోకానికి అందాయి. మదరాసు మ్యూజిక్ అకాడమీ 1961 నుంచి దాన్ని తమిళంలో సంపుటాలుగా తెచ్చింది. ఇప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో ఇంటర్నెట్‌లోనూ దొరుకుతోంది. దాచిన విద్య ఒక ఇంటితో ఆగిపోయేది. పంచిన విద్య మూడు లిపుల్లో బతికింది.

అయితే ఒక మాట మరువరాదు. దీక్షితుల వెనుక జమీను ఉంది. పోషించే రాజు లేని రచయిత ఏం తిని రాయాలి? కాపీరైట్ ఆ ప్రశ్నకు జవాబుగా వచ్చింది. 1710 నాటి ఇంగ్లండు చట్టం కొత్త పుస్తకానికి 14 ఏళ్ల హక్కు ఇచ్చింది. అప్పటికి రచయిత బతికుంటే మరో 14 ఏళ్లు. మన దేశంలో 1914 చట్టం నాటికే అది రచయిత జీవితకాలం, ఆపై 50 ఏళ్లు అయింది. ఆ హక్కు రచయిత ఇంటినే కాపాడిందా అంటే, మళ్లీ ఎట్టయపురానికే రావాలి.

1882లో అక్కడే పుట్టిన సుబ్రహ్మణ్య భారతి 1921లో పేదరికంలోనే పోయారు. ఆయన రచనల హక్కులు తమ్ముడు విశ్వనాథన్ చేతికి వెళ్లాయి. పాటలను రికార్డు చేసే హక్కు వేరుగా అమ్ముడై, చేతులు మారి, సినీ నిర్మాత ఏ.వి. మెయ్యప్పన్‌కు చేరింది. ఆయన 1947లో తీసిన 'నామ్ ఇరువర్' చిత్రం భారతి పాటలను ఊరూరా వినిపించిన మాట నిజమే. డబ్బు పెట్టేవాడికి హక్కు ధైర్యమిస్తుందనడానికి అదొక సాక్ష్యం. కానీ మరుసటి ఏడాది టి.కె. షణ్ముగం సోదరులు 'బిల్హణన్' చిత్రంలో భారతి పాట పెడితే అభ్యంతరం వచ్చింది. ప్రజల కోసం పాడిన కవి ఒకరి సొత్తా అని తమిళ రచయితలు ఉద్యమించారు.

అప్పుడు మదరాసు ప్రధాని ఓమందూరు రామస్వామి రెడ్డియారు. ఆయన ప్రభుత్వం 1949లో ఆ హక్కులు తీసుకుంది. మెయ్యప్పన్ తన హక్కును ఉచితంగా ఇచ్చేశారు. తర్వాత విరుదునగరంలో పుట్టిన కామరాజ్ ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో భారతి రచనలు ఎవరైనా అచ్చువేసుకోవచ్చని ప్రకటించారు. చట్టం ప్రకారమైతే 1971 చివరిదాకా ఆగవలసింది. దీనికి ఎదురు ఉదాహరణ రవీంద్రుడిది. ఆయన రచనల గడువు 1991లో తీరబోతుండగా కేంద్రం చట్టాన్నే సవరించి 50 ఏళ్లను 60 చేసింది.

కాబట్టి హక్కు ఉండాలా వద్దా అన్నది అసలు ప్రశ్న కాదు. అది ఎవరి చేతిలో, ఎన్నాళ్లు ఉండాలన్నదే ప్రశ్న. కోవిల్‌పట్టి కడలై మిఠాయి సంగతి చూడండి. దానికి 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. విరుదునగరం జిల్లాలోని శ్రీవిల్లిపుత్తూరు పాల్‌కోవాకు అంతకుముందే వచ్చింది. వేరుశనగ, బెల్లం పాకం ఎవరైనా పట్టవచ్చు. ఆ ఊరి పేరు పెట్టి అమ్మే హక్కు మాత్రం ఆ ఊరి పద్ధతిలో చేసేవారిది. 1999 చట్టం ప్రకారం ఆ హక్కును ఇంకొకరికి అమ్మడం, తాకట్టు పెట్టడం కుదరదు. భారతి హక్కు అంగట్లో చేతులు మారింది. మిఠాయి హక్కు చేసేవారి దగ్గరే ఉంటుంది. తేడా అక్కడే ఉంది.

డిజిటల్ యుగంలో ఈ తేడా మరింత ముఖ్యం. 1984 సవరణతో మన చట్టం కంప్యూటర్ ప్రోగ్రామును సాహిత్యరచనగా లెక్కించింది. నాలుగైదేళ్లకే పాతబడే ప్రోగ్రాముకు కావ్యానికున్నంత గడువు! తెలుగు అక్షరాలకే ఒకప్పుడు ఒక్కో కంపెనీ ఒక్కో సంకేతం పెట్టుకుంది. ఒక ఫాంటులో కొట్టిన వ్యాసం వేరొక కంప్యూటర్లో పిచ్చిగీతలయ్యేది. 1991లో తెలుగును చేర్చుకున్న యూనికోడ్ అందరూ వాడుకోదగిన ఉమ్మడి సంకేతం కనుక, అది వాడుకలోకి వచ్చాక ఆ చిక్కు తీరింది. ఈ రోజు సాత్తూరులోని మనుమరాలు హైదరాబాదుకు సెల్‌ఫోనులో తెలుగు ఉత్తరం రాయగలుగుతున్నదంటే, ఆ బాట ఎవరి సొంతమూ కాకపోవడమే కారణం.

మనబోటి చిన్న సమూహాలకు దొంగిలిస్తారన్న భయం కన్నా మరచిపోతారన్న భయమే పెద్దది. మన పెద్దలు అచ్చువేసుకున్న తెలుగు పుస్తకాలు ఇళ్లలో చెదలు తింటున్నాయి. రచయిత పోయి 60 ఏళ్లు కాలేదు, అచ్చువేసినవారు లేరు, వారసులు ఏ ఊళ్లో ఉన్నారో తెలియదు. అనుమతి ఇచ్చేవారు లేక వాటిని కంప్యూటర్లో ఎక్కించేవారు వెనుకాడుతున్నారు. ఎవరికీ కాసు రాల్చని హక్కు పుస్తకాన్ని మాత్రం బంధిస్తున్నది.

దీనికి కొత్త చట్టం వచ్చేదాకా ఆగనక్కరలేదు. తన రాతతో బతికేవారు హక్కు ఉంచుకోవాలి, అది న్యాయం. రాత ద్వారా రాబడి ఆశించనివారు పుస్తకం మొదటి పుటలోనే 'నా పేరు చెప్పి ఎవరైనా అచ్చువేసుకోవచ్చు, కంప్యూటర్లో పెట్టుకోవచ్చు' అని ఒక వాక్యం రాస్తే చాలు. ఇళ్లలో పాత పుస్తకాలున్న వారసులూ ఆ మాట కాగితం మీద పెట్టి సంతకం చేయవచ్చు. మనలో ఆ పని మొదలుపెట్టవలసినవారు చాలామందే ఉన్నారు.