వాక్చౌర్యం – పెద్దలు గీసిన హద్దులు

గ్రంథచౌర్యం అనే మాట ఈమధ్య కళాశాలల్లో, విశ్వవిద్యాలయాల్లో తరచుగా వినవస్తోంది. పరిశోధక విద్యార్థుల సిద్ధాంతగ్రంథాలను కంప్యూటరుకు అప్పగించి, ఎంత భాగం ఇతరుల రచనలతో కలుస్తున్నదో శాతాలలో లెక్క తీస్తున్నారు. ఇదంతా పాశ్చాత్యుల పట్టింపనీ, మన సంప్రదాయంలో విద్య అందరి ఉమ్మడి సొత్తనీ, వ్యాసుడి సొమ్మును వాడుకోని కవి ఎవరనీ వాదించే పెద్దమనుషులు కూడా తగుమంది ఉన్నారు. మూడు దశాబ్దాలకు పైగా బడిలో తెలుగు చెప్పి విశ్రాంతి తీసుకొన్న నాకు ఈ వాదం మింగుడుపడదు. మన పూర్వులు ఈ విషయాన్ని ఎంత నిశితంగా తరచి చూశారో తెలిస్తే మిత్రులు కూడా ఈ వాదాన్ని అంగీకరించరని నా నమ్మకం.

ముందుగా అలంకారశాస్త్రం సంగతి. 9వ శతాబ్దిలో కాశ్మీరదేశాన ఉన్న ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం నాలుగవ ఉద్ద్యోతంలో కావ్యాల మధ్య కనబడే పోలికను 'సంవాదం' అన్నాడు. ఆ పోలిక మూడు విధాలు. అద్దంలో ప్రతిబింబం వంటిది మొదటిది. పటంలో గీసిన బొమ్మ వంటిది రెండవది. ఒకే పోలికలున్న ఇద్దరు మనుషుల వంటిది మూడవది. మొదటి రెండింటినీ కవి విడిచిపెట్టాలి. ఎందుకంటే ప్రతిబింబానికి సొంత ప్రాణం లేదు, బొమ్మకున్నది ఉత్త ఆకారమే. మూడవదానిలో మాత్రం దోషం లేదు. ముఖం ముఖాన్ని పోలినా, ఎవరి ప్రాణం వారిదే కదా! అక్షరాలను, పదాలను కొత్తగా పుట్టించడం సాక్షాత్తు బృహస్పతికైనా సాధ్యం కాదనీ, కనుక పదాలు కలిసినంత మాత్రాన తప్పు పట్టరాదనీ కూడా ఆయన హెచ్చరించాడు. శాతాల లెక్కలు చూసి బెంబేలెత్తే వారికి ఈ ఒక్క మాట చాలు.

ఆయన తరువాత కొద్ది కాలానికే కన్యాకుబ్జంలో ప్రతీహార రాజుల ఆస్థానకవి రాజశేఖరుడు కావ్యమీమాంస రచించాడు. అందులో మనకు దక్కినది 'కవిరహస్యం' అనే మొదటి అధికరణం మాత్రమే. 18 అధ్యాయాల ఆ గ్రంథం 1916లో బరోడా గైక్వాడ్ ప్రాచ్యగ్రంథమాలలో తొలి గ్రంథంగా అచ్చయింది. అందులో 11, 12, 13 అధ్యాయాలు అచ్చంగా ఈ చౌర్యవిచారానికే కేటాయించాడంటే ఆనాటికే ఈ సమస్య ఎంత ముదిరిందో ఊహించవచ్చు. ఇతరులు ప్రయోగించిన శబ్దాన్నిగాని అర్థాన్నిగాని తన రచనలో కూర్చుకోవడం 'హరణం' అని ఆయన నిర్వచనం. అందులో విడువదగినది ఉంది, ఒప్పుకోదగినదీ ఉంది. శబ్దహరణం అయిదు రకాలు: ఒక పదం, ఒక పాదం, సగం పద్యం, పూర్తి పద్యం, ఏకంగా ప్రబంధమే. ఒక్క పదం తీసుకొంటే దోషం లేదని పూర్వాచార్యులు అంటే, అది శ్లేష గల పదమైతే మాత్రం దోషమేనని రాజశేఖరుడు సవరించాడు. శ్లేషపదంలో కవి చేసిన కష్టం ఇమిడి ఉంటుంది మరి.

అర్థహరణంలో ఆయన చెప్పిన 'ప్రతిబింబకల్పం' లక్షణాన్ని ఈనాటి విద్యార్థులందరూ చదువవలె. అర్థమంతా అదే ఉండి, వాక్యాల కూర్పు మాత్రం వేరైతే అది ప్రతిబింబకల్పం. మాటకు మాట మార్చాను, వాక్యాన్ని తిరగవేశాను, ఇక ఇది నాదే అనుకొనే వారి భ్రమకు వెయ్యేళ్ళ క్రితమే ఇచ్చిన జవాబిది. కంప్యూటరు పట్టగలిగేది ఎక్కువగా శబ్దహరణాన్నే. ఆంగ్ల గ్రంథంలోని అధ్యాయాన్ని తెనిగించి, మూలం పేరెత్తకుండా తన సిద్ధాంతగ్రంథంలో పెట్టుకొన్నవాడు యంత్రం కన్ను కప్పవచ్చు, రాజశేఖరుడి కన్ను కప్పలేడు.

ఈ చర్చలో రాజశేఖరుడి భార్య అవంతిసుందరి అభిప్రాయం కూడా నమోదై ఉంది. ఆమె స్వయంగా విదుషి. హరణం చేసేవాడు తనకు తాను చెప్పుకొనే సమాధానాలను ఆమె వరుసగా పేర్చింది. ఆ కవి పేరు ఎవరికీ తెలియదు, నేను పేరున్నవాణ్ణి. అతడి మాట తిప్పతీగ, నా మాట ద్రాక్ష. ఈ రచన ఎరిగినవారు ఇప్పుడు లేరు. దీని కర్త ఎక్కడో దూరదేశంలో ఉన్నాడు. ఆమె వీటిని హరణానికి తగిన కారణాలుగానే చెప్పింది గాని, ఇవి చదువుతుంటే నాకు పరీక్షల కాలంలో విద్యార్థులు చెప్పే సాకులే చెవిన పడ్డట్లుంటుంది. 'ఆ పుస్తకం ఇప్పుడు దొరకదు కదా మాస్టారూ', 'ఆయన అమెరికాలో ఉన్నాడండీ' అనే మాటలకూ వీటికీ ఏమంత భేదం లేదు.

అన్నిటికంటె నాకు ఆశ్చర్యం కలిగించినది మరొక మాట. వెల ఇచ్చి కొనుక్కొన్నా అది హరణమే అవుతుందని రాజశేఖరుడు తేల్చి చెప్పాడు. అపకీర్తి తెచ్చుకోవడం కంటె అసలు కీర్తి రాకపోవడమే మేలని దానికి ఆయన చెప్పిన కారణం. వసుచరిత్రలోని నాసికావర్ణన పద్యాన్ని రామరాజభూషణుడు నంది తిమ్మన వద్ద కొనుక్కొన్నాడని మన వైపు ఒక చాటుకథ ప్రచారంలో ఉంది. ముక్కు తిమ్మన అనే పేరుకు ఆ పద్యమే కారణమంటారు. ఇది చరిత్ర కాదు, కేవలం కట్టుకథ కావచ్చు. కాని ఆ కథను ఇన్ని తరాలు చెప్పుకొంటూ రావడంలోనే లోకం తీర్పు ఉంది. సొమ్ము చెల్లించినా పద్యం కొన్నవాడిది కాలేదు, తిమ్మన పేరునే అంటిపెట్టుకొంది. డబ్బిచ్చి సిద్ధాంతగ్రంథాలు వ్రాయించుకొనేవారికీ, ప్రశ్న వేసి కృత్రిమ మేధ చేత వ్యాసం వ్రాయించుకొని అడుగున సంతకం చేసేవారికీ ఈ సూత్రం యథాతథంగా వర్తిస్తుంది. వెల ఇచ్చారా లేదా అన్నది ప్రశ్నే కాదు. చేయని శ్రమను చేసినట్లు చెప్పుకొన్నారా అన్నదే ప్రశ్న.

ఇక రెండవ వాదం: మన కవులందరూ వ్యాసవాల్మీకుల సొమ్ము తిన్నవారే కదా అన్నది. 11వ శతాబ్దివాడైన క్షేమేంద్రుడు కవికంఠాభరణంలో దీనికి చోటు చూపించాడు. ఛాయను, పదాన్ని, పాదాన్ని, సకలాన్ని ఉపజీవించే వారిని వేరువేరుగా చెప్పి, చివరకు లోకమంతా ఉపజీవించదగిన వ్యాసుడి వంటి వారిని ప్రత్యేకంగా నిలబెట్టాడు. భారతం మీద ఆధారపడినవాడు ఆ సంగతి దాచడు. దాచనిది దొంగతనం ఎలా అవుతుంది? మన ఆదికవి నన్నయభట్టు భారత రచనలో తనకు తోడ్పడిన నారాయణభట్టును పేరు పెట్టి, కృష్ణార్జునుల మైత్రితో పోల్చి, గ్రంథాదిలోనే స్మరించాడు. తెలుగు సాహిత్యం తొలి పుటలలోనే కృతజ్ఞతాప్రకటన ఉందన్నమాట! శ్రీనాథుడు నైషధాన్ని తెనిగించి, భట్టహర్షుని కావ్యాన్ని ఏయే పద్ధతుల్లో అనుసరించాడో గ్రంథాంతంలో చెప్పుకొన్నాడు. నన్నయ విడిచిన అరణ్యపర్వశేషాన్ని పూరించిన ఎఱ్ఱన దానిని తన రాజుకు కాక, నన్నయ భారతానికి కృతిపతి అయిన రాజరాజనరేంద్రునికే అంకితమిచ్చాడు. సొంత శ్రమను కూడా ముందరివాడి ఖాతాలో జమ వేసిన ఔదార్యమది. పోతన భాగవతంలో లోపించిన భాగాలను పూరించిన గంగన, సింగన, నారయల పేర్లు ఆయా స్కంధాల చివరి గద్యల్లో నేటికీ నిలిచి ఉన్నాయి. ఆశ్వాసాంతగద్య కేవలం బిరుదుల పట్టిక కాదు, ఏ భాగం ఎవరిదో తేల్చే దస్తావేజు కూడా.

శాస్త్రగ్రంథాల్లో ఈ నియమం మరింత బిగువుగా ఉంది. సూత్రంలో అర మాత్ర తగ్గినా పండుగ చేసుకొనేవారు వైయాకరణులు. అటువంటి పాణిని అష్టాధ్యాయిలో శాకల్యుడు, గార్గ్యుడు, శాకటాయనుడు మొదలైన పదిమంది పూర్వవైయాకరణులను పేరు పెట్టి ఉదాహరించాడు. అంత పొదుపరి కూడా పేరు చెప్పే దగ్గర పొదుపు చేయలేదు. తర్కమీమాంసలు చదివినవారికి పూర్వపక్షం, సిద్ధాంతం అనే విభాగం తెలిసినదే. ఎదుటివాడి మాట ఎక్కడ ముగిసిందో, తన మాట ఎక్కడ మొదలయిందో చదువరికి స్పష్టంగా తెలియాలన్నదే దాని మర్మం. మెదకు సీమలోని కొలిచెలమ వంశనామంగా గల మల్లినాథసూరి, మూలం లేనిదేదీ వ్రాయననీ, అవసరం లేనిదేదీ చెప్పననీ తన వ్యాఖ్యల మొదట్లో ప్రతిజ్ఞ చేశాడు. నేటి పరిశోధనా పద్ధతుల పాఠమంతా ఆ రెండు మాటల్లో ఇమిడి ఉంది.

విశ్వవిద్యాలయ ధనసహాయ సంఘం 2018లో ఈ విషయమై నిబంధనలు ప్రకటించింది. పోలిక 10 శాతం వరకు ఉంటే శిక్ష లేదు. 10 దాటి 40 శాతం వరకు ఉంటే ఆరు నెలలకు మించని గడువులో సవరించి సమర్పించాలి. 40 దాటి 60 వరకైతే ఒక ఏడాది పాటు సవరించిన ప్రతి ఇవ్వడానికి వీలులేదు. 60 దాటితే నమోదే రద్దు. మూలం చెప్పి ఉదాహరించిన భాగాలు, గ్రంథసూచి మొదలైనవి లెక్కలోకి రావు. అందరికీ తెలిసిన విషయమో, యాదృచ్ఛికమో అయితే వరుసగా 14 పదాల వరకు కలిసినా మినహాయింపు ఉంది. నిబంధన మంచిదే. కాని పిల్లవాడికి దాని వెనుక ఉన్న న్యాయం ఎవరు చెప్పాలి?

నా అసలు బాధ ఇక్కడే ఉంది. మన బడుల్లో ధారణ గొప్ప గుణం. గైడులోని వ్యాసాన్ని అక్షరం పొల్లుపోకుండా అప్పగించినవాడికే మార్కులు. పదిహేనేళ్ళు ఇలా పెరిగిన పిల్ల ఒకనాడు పరిశోధనలో చేరగానే, నిన్నటి దాకా మెప్పు తెచ్చిన పని నేడు నేరమైపోతుంది. మధ్యలో ఒక్కరూ ఆ గీత ఎక్కడుందో చూపించరు. నా వద్ద చదువుకొన్న ఒక అమ్మాయి, ఆ ఇంట కళాశాల మెట్లెక్కిన మొదటి మనిషి, దంపుళ్ళ పాటల మీద సిద్ధాంతగ్రంథం వ్రాసింది. పోలిక మితిమీరిందని దాన్ని తిప్పి పంపారు. ఆ కాగితాలు పట్టుకొని నా వద్దకు వచ్చి, 'పుస్తకంలో ఉన్నదానికంటె నేను బాగా వ్రాయగలనా మాస్టారూ?' అని అడిగింది. ఆ ప్రశ్నలో మోసం లేదు, ఉన్నదంతా భయమే. మొదటి మూడు అధ్యాయాలు నాలుగైదు పుస్తకాల నుంచి ఎత్తి కూర్చినవి. చివర అనుబంధంలో మాత్రం, తన అమ్మమ్మ దగ్గరా, ఊరి ముసలమ్మల దగ్గరా విని వ్రాసుకొన్న పాటలు, ఏ పాట ఎప్పుడు పాడతారు, ఏ మాట దగ్గర రోకలి పడుతుంది అన్న వివరాలతో ఉన్నాయి. అవి ఏ పుస్తకంలోనూ లేనివి. 'అమ్మా, ముందున్నది వాళ్ళది, వాళ్ళ పేర్లు చెప్పి నాలుగు పుటలకు కుదించు. వెనుక దాచినది నీది, దాన్ని ముందుకు తీసుకురా' అన్నాను. గడువులోపల ఆమె అలాగే తిరగవ్రాసింది. గ్రంథం ఆమోదం పొందింది.

కనుక పిల్లలకు పాఠం చెప్పే మిత్రులకు నా విన్నపం ఒక్కటే. శిక్ష కంటె ముందు శిక్షణ ఉండాలి. నోట్సు వ్రాసుకొనేటప్పుడే ఇతరుల వాక్యానికి ఉద్ధరణ చిహ్నాలు, పుట సంఖ్య వేసే అలవాటు ఎనిమిదో తరగతిలోనే నేర్పవచ్చు. చదివిన పుస్తకం మూసి, అర్థమైనది తన మాటల్లో వ్రాసి, ఆపైన పుస్తకం తెరిచి సరిచూసుకొని, భావం ఎవరిదో పేరు చెప్పమనాలి. పిల్లవాడు వంకరటింకరగా వ్రాసిన సొంత వాక్యానికి గైడు వాక్యం కంటె ఒక్క మార్కు ఎక్కువ వేయాలి. ఈ చివరి పని చేయకుండా మొదటివి ఎన్ని చెప్పినా బూడిదలో పోసిన పన్నీరే.

తక్కిన దొంగతనాలు కాలం గడిచేకొద్దీ మాసిపోతాయి గాని, వాక్చౌర్యం కొడుకుల, మనుమల కాలానికి కూడా మాయదని కావ్యమీమాంసలో పెద్దల మాట ఉంది. అంత కఠినమైన మాట చెప్పిన పెద్దలే, ఏది తప్పో ఏది ఒప్పో అంతకు పదింతలు ఓపికగా విడమరచి చెప్పారు. మనం కఠినత్వాన్ని అందిపుచ్చుకొన్నాం. ఓపికను కూడా అందుకోవలసి ఉంది. ఈ విషయమై మిత్రుల అనుభవాలు, అభిప్రాయాలు తెలిస్తే సంతోషిస్తాను.