విత్తనపు బుట్టయు శీతలగృహమును



ప్రాచీనమగు కృషిపరాశరమున బీజరక్షణమునకు విధులు గలవు. మాఘఫాల్గుణములందు విత్తనములు సేకరింపవలెననియు, ఎండనారబెట్టవలెననియు, ఒక జాతి గింజలలో వేఱొకటి కలియరాదనియు దాని తాత్పర్యము. ప్రతిజాతిని కల్తీ లేకుండ నిలుపుమనుటయే గాని, తక్కినవానిని విడిచి యొక్కజాతినే పట్టుకొనుమని దాని భావము గాదు. మన కాలమున జరిగినది యీ రెండవదియే.

ఇందులకు జహీరాబాదు ప్రాంతమే దృష్టాంతము. ఆ మెట్టచేలలో జొన్న, సజ్జ, కొఱ్ఱ, సామ, కంది, పెసర కలిపి విత్తుట పూర్వాచారము. వాన తప్పినను ఏదో యొక పంట యింటికి వచ్చెడిది. 1983వ సంవత్సరమున ఆంధ్రప్రదేశ ప్రభుత్వము రెండు రూపాయలకు కిలో బియ్యమిచ్చుట కారంభించెను. ఆకలి తీరుట మేలే. కాని బియ్యము చౌకయైన కొలది జొన్నరొట్టెకు ఆదరము తగ్గెను. తినువారు తగ్గగా విత్తువారును, విత్తువారు తగ్గగా విత్తనమును తగ్గినవి.

ఆ సంవత్సరమే పస్తాపురము కేంద్రముగా దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పని మొదలిడెను. పేదస్త్రీలు, విశేషించి దళితస్త్రీలు, సంఘములుగా నేర్పడి, బీడుపడిన చెలకలు దున్ని, పాతవిత్తనములను కూడబెట్టిరి. పేడ యలికిన వెదురుబుట్టలలో బూడిదయు వేపాకును వేసి దాచిరి. వారి విత్తనపు బ్యాంకున చెల్లు నాణెము గింజయే: విత్తుకాలమున అప్పుగొన్నవారు పంటకాలమున అంతకు మించి కొలిచి యిత్తురు. పాతపంటల జాతరలో ఆ గింజలనే యెడ్లబండ్లపై ఊరూర త్రిప్పిరి. 2019లో వారికి ఐక్యరాజ్యసమితి పక్షమున ఈక్వేటర్ బహుమానము లభించెను.

ఆ జిల్లాయందే పటాన్‌చెరువున 1972లో ఇక్రిశాట్ సంస్థ వెలసినది. అచ్చటి శీతలగృహములందు జొన్న, సజ్జ, కంది, శనగ విత్తనములు సున్నకు ఇరువది డిగ్రీల దిగువను దశాబ్దములు నిలుచును. ఇథియోపియా, సోమాలియా దేశముల జొన్నలు ఆ దేశములకు మరల చేరినది యిచ్చటినుండియే.

ఈ రెంటిలో నేది మేలు? శీతలగృహమున విత్తనము చెడదు. కాని క్రొత్త వానలను, క్రొత్త తెగుళ్లను ఎఱుగదు. ఏ నేలకు ఏ గింజ తగునో చెప్పు ముదుసలి యెఱుక యచ్చట దాగదు. బుట్టలోని విత్తనము ఏటేట నేలతో పరిచయము పెంచుకొనును. కాని వరుసగా రెండు కఱవులు వచ్చెనా, బుట్ట వట్టిపోవును. కావున గాదెకు పొలమును, పొలమునకు గాదెయు వలయును.

2001 నాటి శాసనము విత్తనమును దాచుకొనుటకు, విత్తుటకు, ఇచ్చిపుచ్చుకొనుటకు రైతునకు హక్కొసగినది. ఇంట గింజయే లేనివానికి ఆ హక్కు వలన ఫలమేమి? ఆ గింజ నిలుచుట విత్తువారి చేతనే గాదు, వండుకొని తినువారి చేతను ఉన్నది.